ఆస్ట్రేలియా ఆదివాసుల న్యాయస్థాన లేఖ్యములు: పాఠవిమర్శ

గ్రంథపరిష్కరణమునకుఁ బూనుకొన్న పండితుఁడు మొట్టమొదట వేసికొను ప్రశ్న, ఈ పాఠ మెవరిది యనునది. కవిదా, లేఖకునిదా, పిమ్మటఁ జేరిన ప్రక్షేపమా యని తేల్చుకొనక అర్థము చెప్పఁబూనుట సాహసమని యెల్లరు నెఱుఁగుదురు. తాళపత్రప్రతుల విషయమున నింత జాగరూకత చూపువారు సైతము, ప్రభుత్వముద్ర గల కాగితము కంటఁబడినప్పు డా ప్రశ్నను మఱచుట కలదు. ఆస్ట్రేలియా ఖండమున ఆంగ్లేయుల వలసరాజ్యములు నెలకొనిన పిమ్మట, ఆ దేశపు ఆదివాసులను గూర్చి న్యాయస్థానములలోను, చెఱసాలలలోను, వార్తాపత్రికలలోను పుట్టిన లేఖ్యరాశి యట్టి మఱపునకు గుఱియైనది.

ఈ లేఖ్యములు నేఁడు దుర్లభములు కావు. ఆస్ట్రేలియా జాతీయగ్రంథాలయమువారి ‘ట్రోవ్’ అను అంతర్జాల భాండాగారమున నాఁటి పత్రికల పుట లెల్లరకును లభించుచున్నవి. న్యూసౌత్‌వేల్సు ఉన్నతన్యాయస్థానపుఁ దొలినాళ్ల నిర్ణయములను మాక్వారీ విశ్వవిద్యాలయమున బ్రూస్ కర్చర్ పండితుఁడు న్యాయాధిపతుల చేవ్రాఁతపుస్తకములనుండియు, పత్రికలనుండియు సమకూర్చి ప్రకటించెను. అయినను వీనిని చదువువారిలో రెండు తెగలు కానవచ్చుచున్నవి. లేఖ్యమున నున్నది కావున జరిగినదే యనువా రొక తెగ. పాలకులు వ్రాసికొన్నది కావున నిరర్థకమనువారు రెండవ తెగ. ఇరువురును జదువుట యను శ్రమను తప్పించుకొనినవారే. మొదటివారు లేఖకుని మాటను వక్తమాటగా గ్రహించుచున్నారు. రెండవవారు లేఖకుని దోషమునకై వక్తనుగూడఁ బాఱవేయుచున్నారు.

ఈ లేఖ్యములయందుఁ బాఠభేద మను మాట అలంకారముగాఁ జెప్పునది కాదు, నిజముగానే కలదు. 1829లో సిడ్నీ న్యాయస్థానమున బల్లార్డ్ అను పేర వ్యవహరింపఁబడిన ఆదివాసి యొకఁడు మఱియొక ఆదివాసిని చంపెనని అభియోగము వచ్చెను. ప్రధానన్యాయాధిపతి ఫోర్బ్సును, న్యాయాధిపతి డౌలింగును ఆదివాసులు తమలోఁ దాము పెట్టుకొను కలహములలో ఆంగ్లధర్మము చొరరాదని నిర్ణయించి వానిని విడిచిపెట్టిరి. ఏడేండ్లు గడచెను. 1836లో జాక్ కాంగో ముర్రెల్, బమ్మరీ యను నిరువురపై, విండ్సరు పట్టణ ప్రాంతమున జబింజీ, పాట్ క్లియరీ యను స్వజాతీయులను చంపిరని నేరము మోపఁబడినప్పుడు, వారి పక్షమున సిడ్నీ స్టీఫెన్ అను న్యాయవాది అదే వాదమును మఱింత విపులముగా వినిపించెను. ఈ జనులు జయింపఁబడినవారును గారు, ఒడంబడిక చేసికొన్నవారును గారు, వారికి వారి ధర్మము కలదు, హతుని బంధువులయెదుట నిలిచి వారి యీటెలకు ఎదురొడ్డవలసిన బాధ్యత ముద్దాయి కుండనే యున్నది, ఒక నేరమునకు రెండు దండనము లెట్లు చెల్లును అనునది యాతని వాదసారము. న్యాయస్థాన మా వాదమును త్రోసివేసెను. తీర్పు చెప్పినది బర్టన్ న్యాయాధిపతి. ఆతనితో నేకీభవించిన యిరువురును, 1829లో మఱియొక రీతిగా నిర్ణయించిన ఫోర్బ్స్, డౌలింగులే. తుదకు జూరీ ముర్రెల్‌ను నిర్దోషిగాఁ జెప్పెను. బమ్మరీయు విడుదలయయ్యెను. మనుష్యులు విడువఁబడిరి గాని, వారిపేర పుట్టిన సిద్ధాంతము నిలిచిపోయెను.

నిలుచుటకుఁ గారణము దాని తర్కబలము మాత్రమే కాదు. 1896లో లెగ్ అను నాతఁడు న్యూసౌత్‌వేల్సు పూర్వనిర్ణయములను ఏర్చి సంపుటముగా ముద్రించినప్పుడు ముర్రెల్ నిర్ణయ మందుఁ జేరెను. బల్లార్డ్ నిర్ణయము చేరలేదు. అది డౌలింగు చేవ్రాఁతలోనే పడియుండి, 1990 తరువాతి దశాబ్దమున గాని విద్వాంసుల చేతి కందలేదు. ఆ నడుమ నూఱేండ్లు న్యాయవాదులు ఏ పాఠమును ఉదాహరింపఁగలరు? అచ్చైనదానినే గదా. 1976లో వెజ్ అను వ్యక్తి యభియోగమున సైతము న్యాయస్థానము ముర్రెల్ మార్గమునే యనుసరించెను. ఒక ప్రతిని అచ్చువేసి మఱియొక ప్రతిని మూల నుంచిన సంకలనకర్త, తాను తలఁపకయే ఒక జాతి హక్కులను గూర్చి తీర్పు చెప్పిన వాఁడయ్యెను. వావిళ్లవారి ప్రతియే మూలమని నమ్మి పెరిగిన విద్యార్థికి అముద్రితప్రతి చూపినప్పుడు కలుగు దిగ్భ్రమ పండితుల కనుభవమే. ఇక్కడ ఆ దిగ్భ్రమకు వెల హెచ్చు.

పాఠభేదమున కన్న కఠినమైనది లేఖ్యమునందలి మౌనము. ఈ కాగితములలో ఆదివాసి తఱచుగా ముద్దాయి, కొన్నియెడల హతుఁడు. సాక్షిగా మాత్ర మరుదు. దీనిఁ జూచి వారికిఁ జెప్పుట చేతఁగాదనియో, చెప్ప నిష్టపడలేదనియో వ్రాసిన చరిత్రకారులు లేకపోలేదు. మౌనమునకు మూలము శాసనము. సాక్షి ప్రమాణము చేయవలెను. ప్రమాణము చేయుటకు దైవమునందును, పాపపుణ్యముల ఫలమునందును విశ్వాస ముండవలెను. ఆదివాసి కట్టి విశ్వాసము లేదని న్యాయాధిపతి భావించినచో నాతని నోరు అక్కడనే మూయఁబడును. ఈ సూత్రమునకు ఆధారముగాఁ బరిగణింపఁబడిన నిర్ణయము హిందూదేశపు వ్యాజ్యము నుండి పుట్టినదని తెలిసినచో ఆంధ్రపాఠకులు ఆశ్చర్యపడుదురు. 1744 ప్రాంతమున ఓమీచంద్ అను కలకత్తా వర్తకునకును, బార్కరు అను ఆంగ్లేయునకును లండను ఛాన్సరీ న్యాయస్థానమున వివాదము నడచెను. కలకత్తాలో బ్రాహ్మణుని పాదమంటి ప్రమాణము చేసిన హిందువుల సాక్ష్యము చెల్లునా యను ప్రశ్న పుట్టెను. ప్రభు హార్డ్విక్ మొదలగువారు చెల్లునని నిర్ణయించిరి. క్రైస్తవుఁడు కానక్కఱలేదు, దైవమును నమ్మి తన మతాచారము ననుసరించి ప్రమాణము చేసినఁ జాలును అనిరి. ఆ లేఖ్యమున నా సాక్షుల మతమునకు వాడిన పేరు ‘జెంటూ’. చెన్నపట్టణపు ఆంగ్లేయులు తెలుఁగువారికిని, తెలుఁగుభాషకును బెట్టిన పేరును అదియే.

ఉదారమైన యీ నిర్ణయమే మఱియొకచోట సంకెల యయ్యెను. దైవవిశ్వాసము గల యన్యమతస్థునకుఁ దలుపు తెఱచిన వాక్యము, అట్టి విశ్వాసము లేదని తోఁచినవానికిఁ దలుపు మూసెను. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము 1840లో అయిదవ చట్టముచేత హిందూ మహమ్మదీయులను గంగాజలము, ఖురాను పట్టించి ప్రమాణము చేయించు పద్ధతిని మాన్పి, సత్యము చెప్పెదమను గంభీరవచనముతోఁ దృప్తిపడెను. న్యూసౌత్‌వేల్సు శాసనసభ 1839లో ఆదివాసుల సాక్ష్యమును ప్రమాణము లేకయే గ్రహింపవచ్చునని చట్టము చేయఁగా, దానిని లండను ప్రభుత్వము త్రోసివేసెను. పిమ్మట 1843లో ఆ ప్రభుత్వమే అట్టి చట్టములు చేసికొనుటకు వలసల కనుమతి నిచ్చెను. దక్షిణ ఆస్ట్రేలియా 1844లో నా యనుమతిని ఉపయోగించుకొనెను. న్యూసౌత్‌వేల్సు సభ మాత్రము 1844లోను, 1849లోను ప్రతిపాదనలను ఓడించి, 1876 వఱకుఁ దలుపు తెఱవలేదు. స్మృతులు చదివిన వారికి ఇందుఁ గొంత పరిచిత మగును. వర్ణభేదము ననుసరించి ప్రమాణభేదము విధించిన మనువును, అసాక్షుల పట్టికలును తెలిసినవారు ఆంగ్లేయుల నొక్కరినే నిందించి తృప్తిపడఁజాలరు.

శాసనకృతమైన మౌనము ఎంతటి ఘోరమునైనఁ గప్పిపుచ్చఁగలదో మయాల్ క్రీక్ వృత్తాంతము చూపును. 1838 జూను 10వ తేది నాఁడు హెన్రీ డాంగర్ పశుక్షేత్రముకడ విరయరాయ్ జనులను సుమారు 28 మందిని, వృద్ధులు స్త్రీలు శిశువులు అనక, పసులకాపరులు త్రాళ్లఁ గట్టి తీసికొనిపోయి చంపి కాల్చివేసిరి. ప్రభుత్వన్యాయవాది ప్లంకెట్ పదునొకొండుగురిపై నభియోగము నడపెను. నవంబరున జరిగిన మొదటి విచారణలో, కాలిన యెముకలలో ‘డాడీ’ యనఁబడిన వృద్ధుని శరీర మేదియో నిశ్చయముగాఁ దేలలేదన్న వాదము నడుమ, జూరీ కొలఁది నిమిషములలోనే యందఱను నిర్దోషులనెను. రెండవ విచారణ యొక బిడ్డ హత్యను గూర్చినది. అందు ఏడుగురు దోషులుగాఁ దేలి 1838 డిసెంబరు 18వ తేదిని ఉరితీయఁబడిరి.

ఈ విచారణలలో ముఖ్యసాక్షి ఆండర్సన్ అను గుడిసె కావలివాఁడు. వాఁడు ద్వీపాంతరశిక్ష ననుభవించుచున్న నేరస్థుఁడు. ఆ నేరస్థుని మాట చెల్లెను. హంతకుల వెంటఁ బోయి జరిగినది చూచిన ‘డేవీ’ యను ఆదివాసి మాట చెల్లలేదు. వాఁడు ప్రమాణయోగ్యుఁడు కాఁడు. వానికిఁ గ్రైస్తవమతమున శిక్షణ మిప్పించి సాక్షిగాఁ జేయవలెనని తక్కిన నలువురి విచారణ వాయిదా వేయఁబడెను. డేవీ మఱల కానరాలేదు. 1839 ఆదిని నలువురును విడువఁబడిరి. వేల పుటల లేఖ్యరాశిలో ఆనాఁటి యుదంతమును స్వజనుల పక్షమునుండి చెప్పఁగల యొక్క మనుష్యుని వాఙ్మూలము లేదు. ఆ ఖాళీని చరిత్రకారుఁడు ‘ఆధారము లేదు’ అని పూరించినచో ప్రమాణసూత్రమును తానును మఱల అమలుపఱచినవాఁ డగును.

దుబాసీల స్థితియు విచారింపఁదగినది. మాక్వారీ సరస్సు ప్రాంతమున మతబోధకుఁడైన త్రెల్కెల్డ్ 1834లో నా దేశభాషకొక వ్యాకరణము ప్రకటించెను. ఆ భాష నేఁడు అవబకల్ అను పేర ప్రసిద్ధము. ఆతనికి భాష నేర్పినవాఁడు బిరబాన్. ఆంగ్లమును జక్కఁగా నెఱిఁగినవాఁడు. తన భాషను లిపిబద్ధము చేయుటకుఁ దోడ్పడినందులకు 1830లో గవర్నరు డార్లింగ్ వానికి ఇత్తడి పతక మిచ్చి సన్మానించెను. న్యాయస్థానమున ఆదివాసుల విచారణలు వచ్చినప్పుడు త్రెల్కెల్డ్ దుబాసీగాఁ బోవుచుండెను, బిరబాన్ తోడుపడుచుండెను. ప్రమాణయోగ్యత బిరబానునకు లేదు గనుక, లేఖ్యమునఁ గానవచ్చు నది త్రెల్కెల్డ్ పేరు. అనఁగా వ్యాకరణమునకుఁ బ్రమాణమైన వాక్కు న్యాయమునకుఁ బ్రమాణము కాలేదు. శబ్దప్రమాణమును గూర్చి తర్కగ్రంథములు చదివినవారు ఆప్తుఁ డనఁగా నెవఁడను ప్రశ్నను ఈ యొక్క ఉదాహరణముతో ఎంతసేపైనఁ జర్చింపవచ్చును.

ఇఁక ముద్దాయి పలికినట్లు కానవచ్చు నొక్కొక్క వాక్యము ఎన్ని చేతులు మాఱినదో లెక్కింపవలెను. వాఁడు తన భాషలోఁ బలుకును, లేక పసులకాపరులయొద్ద నేర్చిన విఱిగిన యాంగ్లమునఁ బలుకును. దుబాసి దానిని మార్చును. న్యాయాధిపతి తన పుస్తకమున సంగ్రహించును. పత్రికావిలేఖరి తన చెవికెక్కినంత వ్రాసికొనును. కూర్పరి అచ్చుపలకలోఁ బట్టినంత నుంచును. ప్రశ్నలు సాధారణముగా లేఖ్యమున నుండవు, ప్రత్యుత్తరములు మాత్రమే యొకదానితో నొకటి యతికి కథనముగా నిలుచును. ‘అవును’ అను మాటకూడ నమ్మరానిది. ఉత్తరప్రాంతపు న్యాయాధిపతి ఫార్‌స్టర్ 1976లో అనుంగ యను వ్యాజ్యమునఁ జేసిన నియమములలో, ఆదివాసులలోఁ బలువురు అధికారి సూచించిన యుత్తరమునకు మర్యాదగా నొప్పుకొందురనియు, అది నేరాంగీకారము కానక్కఱలేదనియు హెచ్చరించెను. గ్రామమునకు వచ్చిన తాసీల్దారునకు ‘చిత్తము’ అన్న రైతు దేని కొప్పుకొనెనో తెలిసినవారి కిది బోధపడును. ఈ హెచ్చరికను నూటయేఁబది యేండ్లు వెనుకకుఁ బ్రసరింపఁజేసి పాతవాఙ్మూలములను చదివినచో నెన్ని నేరాంగీకారములు నిలుచునో విచార్యము.

పేరులలోను ఇట్టిదే. ‘డాడీ’, ‘డేవీ’, ‘చార్లీ’, ‘జాక్’ అనునవి యాంగ్లకాపరులు తమ నాలుకకు వీలుగాఁ బెట్టిన పిలుపులు. డేవీకి యింతయింతిన్ అను పేరు కలదు. 1842 జనవరి 20వ తేదిని మెల్బోర్నులో బహిరంగముగా నురితీయఁబడిన టాస్మేనియావాసు లిరువురు టన్నర్‌మిన్నర్‌వెయిట్, మాల్‌బాయ్‌హీనర్ అనువారు. లేఖ్యమున వారు ‘జాక్’, ‘బాబ్’. వారిని ఉరికంబమెక్కించిన ప్రభుత్వమున కా పేరులే చాలెను. వారి పక్షమున వాదించినవాఁడు రెడ్మండ్ బారీ. తీర్పు చెప్పినవాఁడు విల్లిస్. ఈ విల్లిస్ న్యాయాధిపతియే అంతకు ముందు 1841లో బాంజన్ అను ఆదివాసి విచారణలో, ఆదివాసుల యంతఃకలహములపైఁ దన కధికారము కలదా యని గట్టిగా సంశయించెను. ఆంగ్లేయులు హతులైనప్పు డట్టి సంశయము తలయెత్తలేదు.

చెఱసాల రిజిస్టరులు న్యాయస్థాన లేఖ్యముల కన్న మితభాషులు. గడులు గీసిన పుటలో ఖైదీ పేరు, ఎత్తు, వెండ్రుకల రంగు, మతము, వృత్తి యని యుండును. న్యూసౌత్‌వేల్సు చెఱసాలల వర్ణనపుస్తకములలో ‘ఏ ఓడమీఁద వచ్చినవాఁడు, ఏ యేఁట వచ్చినవాఁడు’ అను గడులును గలవు. ద్వీపాంతరశిక్షితులకై గీసిన గళ్లవి. ఆ ఖండముననే యుగయుగములుగా నుండిన జనునకు ఆ ప్రశ్నయే వింత. ఆ గడిలో గుమాస్తా గీత గీసినను, మఱేమి వ్రాసినను, వలసవ్యవహారమున నెవఁడు పరదేశియో ఆ యొక్క గడియే చెప్పుచున్నది. పశ్చిమ ఆస్ట్రేలియా తీరమున రాట్‌నెస్టు అనఁబడిన ద్వీపము (నూంగర్ జనుల భాషలో వాడ్జెమప్) 1838 మొదలుకొని ఆదివాసుల చెఱసాల యయ్యెను. 1931 వఱకు ఏదో యొక రూపమున అది సాగెను. సుమారు 3,700 మొదలు 4,000 వఱకుఁ బురుషులును, బాలురును అక్కడ బంధింపఁబడిరని పరిశోధకుల లెక్క. అందు 360 మందికిఁ బైగా మరణించిరి. వారి సమాధులపైఁ బేరులు లేవు. వారి పేరులకుఁ గొంతయైన నాధారము వారిని బంధించిన రిజిస్టరులే. లేఖ్యములను తగులఁబెట్టవలసినవి యనువారు ఈ మాట ఆలోచింపవలెను. గుమాస్తా తప్పుగా వ్రాసినను, తాను వినిన ధ్వనిని వ్రాసెను. ఆ వికృతరూపమునుండి తాతపేరును గుర్తుపట్టఁగల మనుమఁడు ఒక్కఁ డున్నను ఆ పుట సార్థకమే.

వార్తాపత్రికల భాష యింతకన్న నిపుణమైనది. మయాల్ క్రీక్ విచారణకాలమున ‘సిడ్నీ హెరాల్డ్’ హంతకుల పక్షము వహించి, ఆదివాసులను మనుష్యకోటిలోఁ జేర్చుటకు ఇష్టపడని వ్రాఁతలు ప్రకటించెను. అది తిట్టు గనుక గుర్తింపవచ్చును. గుర్తింపరానిది సభ్యపదజాలము. క్వీన్స్లండు ప్రాంతమున స్థానిక ఆశ్వికదళమువారు ఆదివాసులను ‘డిస్పర్స్’ చేసిరని నివేదికలలోను, పత్రికలలోను పదేపదే కానవచ్చును. నిఘంటువున దాని యర్థము చెదరఁగొట్టుట. వ్యవహారమున దాని యర్థము తుపాకులతోఁ గాల్చుట. అభిధ యొకటి, అందఱికిని దెలిసిన లక్ష్యార్థము వేఱొకటి. వ్రాసినవాఁడును, చదివినవాఁడును ఆ యర్థము నెఱుఁగుదురు. న్యాయస్థానము మాత్ర మభిధనే చూచును. ఆలంకారికులు చెప్పిన నిరూఢలక్షణకు ఇంత క్రూరమైన యుదాహరణము సాహిత్యమున దొరకదు. అట్లని పత్రికల నన్నిటి నొక్క గాటఁ గట్టరాదు. 1880లో ‘క్వీన్స్లాండర్’ పత్రికలోఁ గార్ల్ ఫైల్‌బర్గ్ సంపాదకుఁడుగా ఆ పదపు ముసుఁగును చీల్చి, నాగరకత పేర జరుగుచున్న హత్యలను వరుసగా వెల్లడించెను. హెరాల్డు పత్రికయు 2023లోఁ దన 1838 నాఁటి వ్రాఁతలకు బహిరంగముగా క్షమాపణ చెప్పెను.

ఈ చర్చ పండితవినోదము మాత్రమే కాదనుటకు యోర్తా యోర్తా జనుల వ్యాజ్యము చాలును. ముర్రే నదీతీరమునఁ దమ పూర్వుల భూమిపై హక్కు నిరూపించుకొనుటకు వారు న్యాయస్థానమున కెక్కిరి. యాజ్ఞవల్క్యుఁడు చెప్పి, విజ్ఞానేశ్వరుఁడు వ్యాఖ్యానించి, తెలుఁగునఁ గేతన ‘విజ్ఞానేశ్వరీయ’ముగా రచించిన ధర్మశాస్త్రమున లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములు మూఁడు. ఆ జనులు సాక్షులను దెచ్చిరి, భుక్తిని జెప్పిరి. లిఖితము మాత్రము పరులది. 1998లో న్యాయాధిపతి ఓల్నీ, 1840 తరువాత నా ప్రాంతమున గొఱ్ఱెలమందలు మేపిన ఎడ్వర్డ్ కర్ అను నాతఁడు 1883లోఁ బ్రకటించిన స్మృతిగ్రంథమునకు, ఆ జనుల ముఖతః సాక్ష్యమున కన్న నెక్కుడు బల మిచ్చెను. నలువదియేండ్ల వెనుకటి సంగతులను ముదిమిలోఁ దలఁచుకొని వ్రాసిన భూస్వామి మాట లిఖితమైనందున మూలమయ్యెను. తాతలనుండి వినిన మాట వినికిడియైనందున శిథిలమయ్యెను. మౌఖికసంప్రదాయమున వేదమును నిలుపుకొన్న దేశపు పండితులకు ఈ తారతమ్యము మింగుడుపడదు.

ఆ తీర్పునఁ బ్రధానముగా నెత్తుకొన్న మఱియొక లేఖ్యము 1881 నాఁటి వినతిపత్రము. మలోగా మిషనులోని 42 మంది ఆదివాసులు న్యూసౌత్‌వేల్సు గవర్నరునకుఁ బంపినది. తమ వేఁటభూములు పోయినవనియు, సాగు చేసికొని బ్రదుకుటకు భూమి యిప్పింపవలెననియు దాని తాత్పర్యము. వారు పూర్వాచారములను విడిచిన ట్లిందు వారే యొప్పుకొనిరని న్యాయాధిపతి గ్రహించెను. వినతిపత్ర మొక రచనాభేదము, దానికొక లక్షణము కలదు. ఇచ్చువానికి నచ్చు మాటలలోనే అడుగువాఁ డడుగవలెను. క్రైస్తవమిషను నీడను నిలిచి గవర్నరునకు వ్రాయునప్పుడు ఏ మాటలు పనికివచ్చునో ఆ మాటలే అందుండును. కవి యంకితపద్యములో రాజును ఇంద్రుఁడన్నంతమాత్రమున నింద్రుఁడని నమ్మెనని యెవ్వరు నర్థము చెప్పరు గదా. ఉన్నతన్యాయస్థానము 2002లో అధికసంఖ్యాకుల యభిప్రాయముతో ఆ తీర్పును నిలిపెను. న్యాయాధిపతులు గాడ్రన్, కర్బీ భిన్నాభిప్రాయము తెలిపిరి. 1881 నాఁటి పత్రమున 42 మంది కోరినది ఆ నేలయే. 1998లో వారి సంతతివారు కోరినదియు నా నేలయే.